రోడ్డుకీ మన మీద హక్కుంది

ఇంట్లోంచి బండి తీసుకుని బయల్దేరే మనిషికి గుమ్మం దగ్గర నిలబడి మనం చెప్పే మాటలు సాధారణంగా రెండే. ఒకటి "జాగ్రత్త". రెండోది "త్వరగా వచ్చెయ్". ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవని తెలిసినా రోజూ ఒక్క గుక్కలో చెప్పేస్తాం. చెప్పి లోపలికొచ్చి మన పనిలో పడిపోతాం. రోడ్డు సంగతంతా మగవాళ్లదీ, పోలీసులదీ, ప్రభుత్వానిదీ అనుకుంటాం.

నేను అలా అనుకోను. రోడ్డు మీద మనవాళ్లు ఎలా నడుచుకుంటారన్నది సగానికి పైగా ఇంట్లోనే తేలిపోతుంది. తాళంచెవి ఎవరి చేతికిస్తున్నాం, ఎంత ముందు బయల్దేరుతున్నాం, ఒక బండి మీద ఎంతమందిమి ఎక్కుతున్నాం, నడుపుతున్న మనిషికి ఎన్నిసార్లు ఫోన్ చేస్తున్నాం... ఇవన్నీ వంటింటికీ వరండాకీ మధ్య జరిగిపోయే నిర్ణయాలు.

మా ఇంటి వరకు ఇంకో మాట కూడా చెప్పాలి. మేం ముస్లింలం. మా పిల్లలకి వుజూ ఎలా చేయాలో, ఏ నమాజులో ఎన్ని రకాతులో, అన్నం ముందు ఏం చదవాలో చిన్నప్పట్నుంచీ నేర్పిస్తాం. తప్పు చదివితే సరిదిద్దుతాం. కానీ దారిన పోయేవాళ్లకి మన వల్ల ఇబ్బంది రాకుండా నడుచుకోవడం కూడా దీన్‌లో భాగమేనని ఎంతమందిమి నేర్పిస్తున్నాం? ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. పద్నాలుగు వందల ఏళ్ల నుంచీ మన పుస్తకాల్లో ఉన్నదే.

ఈమాన్‌కి డెబ్భైకి పైగా శాఖలున్నాయని ప్రవక్త (స) చెప్పిన హదీసు మనలో చాలామందికి తెలుసు. అన్నిటికన్నా పై శాఖ అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడని ఒప్పుకోవడం. అన్నిటికన్నా కింది శాఖ, దారిలో జనానికి బాధ కలిగించే వస్తువుని తీసి పక్కన పెట్టడం. "కింది శాఖ" అనేసరికి మనవాళ్లు దాన్ని చిన్న విషయం కింద కొట్టిపారేస్తారు. నాకు మాత్రం మెట్ల వరస గుర్తొస్తుంది. డాబా ఎక్కాలంటే మొదట కాలు పెట్టేది కింది మెట్టు మీదే కదా! అది వదిలేసి పై మెట్టు మీద నిలబడ్డాననేవాడు ఎలా నిలబడ్డాడో నాకు అర్థం కాదు.

ఇంకో హదీసులో ఒక మనిషి దారిన పోతూ ముళ్ల కొమ్మ కనిపిస్తే పక్కకు లాగేశాడు. అంత చిన్న పనికి అల్లాహ్ సంతోషించి అతణ్ణి క్షమించాడు. అది ఎవరి కంట్లోనూ పడని పని. చూసి మెచ్చుకోవడానికి మనుషులెవరూ లేని చోట చేసిన పని.

ఈ రోజుల్లో మన వీధుల్లో ముళ్ల కొమ్మలు ఏవో ఒకసారి లెక్కపెట్టండి. ఇల్లు కట్టుకుంటూ సగం రోడ్డు మీద పోసిన ఇసుక, కంకర. పెళ్లికో ఫాతెహాకో రోడ్డుకి అడ్డంగా వేసిన షామియానా. పక్కింటి గేటు ముందు ఆపేసిన మన కారు. మేడ మీద నుంచి రోడ్డు మీదకి పారబోసిన కడుగునీళ్లు. ఎదురుగా ఎవరొస్తున్నా దించని హైబీమ్ లైటు. రాంగ్ రూటులో వచ్చే మన మోటార్ సైకిల్. కొమ్మ పక్కకి తీసినవాడికి అంత పుణ్యమైతే, కొమ్మ తెచ్చి పడేసినవాడి సంగతేమిటి?

నాకు బాగా ఇష్టమైన హదీసు ఒకటుంది. దారి పక్కన కూర్చోవద్దని ప్రవక్త (స) తన సహచరులకి చెప్పారు. మాకు అక్కడ కూర్చుని మాట్లాడుకోక తప్పదని వాళ్లన్నారు. అయితే దారికి దాని హక్కు ఇచ్చేయండని ఆయన బదులిచ్చారు. దారి హక్కేమిటని అడిగితే వివరంగా చెప్పారు: చూపు దించుకోవడం, ఎవరికీ బాధ కలగనివ్వకపోవడం, సలాంకి బదులు చెప్పడం, మంచిని ప్రోత్సహించి చెడుని ఆపడం.

దారికి హక్కు! డిగ్రీలో తెలుగు చదువుకున్న దాన్ని కాబట్టి నాకు మాటల మీద కాస్త ఎక్కువ ధ్యాస. మనం "రోడ్డు మీద నా హక్కు" అంటాం. టాక్సు కట్టానంటాం. హదీసు ఆ మాటని తిరగేసి, దారికే మన మీద హక్కుందని చెబుతోంది. దారి అంటే తారూ సిమెంటూ కాదు, దాని మీద నడిచే ముక్కూ మొహం తెలియని మనుషులు. మనకి చుట్టాలు కారు, మన మతం అయి ఉండాల్సిన అవసరం లేదు. అయినా మన దగ్గర వాళ్లకి రావాల్సింది ఒకటుంది. అందులో మొదటిది చూపు దించుకోవడం కావడం నాకు మరీ ముఖ్యంగా అనిపిస్తుంది. సెంటర్లో బైకుల మీద కూర్చుని వచ్చేపోయే ఆడపిల్లల్ని చూసే కుర్రాళ్లకి ఎవరైనా ఇది చదివి వినిపిస్తే బాగుండు.

ఇక జుమ్మా సంగతి. ఇది మనవాళ్లకి కోపం తెప్పించినా సరే, చెప్పాల్సిందే. శుక్రవారం మధ్యాహ్నం చాలా ఊళ్లలో మసీదు ముందు రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఖుత్బా మొదలైపోతోందని వచ్చినవాడు వచ్చినట్టు ఎక్కడ చోటుంటే అక్కడ బండి ఆపేసి, హ్యాండిల్ లాక్ వేసి లోపలికి పరిగెడతాడు. ఆ అరగంటా వెనకాల ఆటోలో నిండు గర్భిణి ఉన్నా, పరీక్షకి వెళ్లే పిల్లలున్నా ఆగాల్సిందే. అడిగితే "నమాజు కదా" అంటారు.

ప్రవక్త (స) కాలంలో ఒక దండయాత్రలో ఇలాంటిదే జరిగింది. విడిది చేసిన చోట జనం ఇరుకిరుగ్గా గుడారాలు వేసుకుని దారికి అడ్డమయ్యారు. అప్పుడాయన ఒక మనిషిని పంపి చాటింపు వేయించారు. ఇతరుల చోటు ఇరుకు చేసినవాడికీ, దారికి అడ్డుపడ్డవాడికీ జిహాద్ పుణ్యం లేదని ఆ చాటింపు. ఎంత పెద్ద మాటో చూడండి. ప్రాణాలకు తెగించి ఇల్లు వదిలి వచ్చినవాళ్లకి ఆ మాట చెప్పించారు. దారి మూసేస్తే అంతటి పుణ్యమూ పోతుందంటే, మన అరగంట నమాజు మాటేమిటి?

నమాజుకి పరిగెత్తుకు రావద్దనీ, ఇఖామత్ వినిపించినా నెమ్మదిగా, నిబ్బరంగా నడిచి రమ్మనీ, దొరికినంత జమాత్‌తో చదివి తప్పిపోయింది తర్వాత పూర్తి చేసుకోమనీ కూడా హదీసే చెబుతోంది. అంటే నమాజు కోసమైనా సరే తొందర పనికిరాదు. నడిచేవాడికే ఇలా చెబితే, నూట యాభై సీసీ బండి మీద వచ్చేవాడికి ఎంత గట్టిగా చెప్పాలి!

హజ్‌లో జరిగింది ఇంకా ముచ్చటగా ఉంటుంది. అరఫాత్ నుంచి ముజ్దలిఫాకి అందరూ ఒక్కసారే బయల్దేరారు. వెనక ఒంటెల్ని కొడుతున్న చప్పుడు, అదిలింపులు, గోల. ప్రవక్త (స) వెనక్కి తిరిగి నిదానంగా రమ్మని చేత్తో సైగ చేశారు, పుణ్యం తొందరపడటంలో లేదన్నారు. తన ఒంటె ముక్కుతాడు బిగించి పట్టుకుని మెల్లగా నడిపించారనీ, ముందు ఖాళీ జాగా దొరికినప్పుడు మాత్రమే కాస్త వేగం పెంచారనీ ఆయన వెంట ఉన్నవాళ్లు చెప్పారు. ఇరుకులో నెమ్మది, ఖాళీలో తగినంత వేగం. డ్రైవింగ్ స్కూలువాడు నేర్పేది ఇంతకంటే వేరుగా ఉందా? నిదానమే ప్రధానమని మన తెలుగువాళ్లు ఊరికే అనలేదు.

రంజాన్‌లో మగ్రిబ్‌కి ముందు అరగంట మాత్రం ఇవన్నీ గాల్లో కలిసిపోతాయి. ఖర్జూరం, పుచ్చకాయ, సమోసా పొట్లాలు హ్యాండిల్‌కి తగిలించుకుని, సైరన్ మోగేలోపు ఇల్లు చేరాలని మనవాళ్లు నడిపే తీరు చూస్తే భయమేస్తుంది. పొద్దుట్నుంచీ నీళ్లు లేవు, తల తిరుగుతూ ఉంటుంది, అదే సమయంలో వేగం. దారిలో వేళైతే బండి పక్కకి ఆపి ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని రెండు గుక్కలు నీళ్లు తాగితే రోజా పూర్తవుతుంది. ఇంట్లో పరిచిన దస్తర్‌ఖాన్ ముందే విప్పాలని ఎక్కడా లేదు.

హారన్ గురించీ ఒక మాట. లుఖ్మాన్ తన కొడుక్కి చేసిన బోధ ఖురాన్‌లో ఉంది. భూమి మీద విర్రవీగుతూ నడవద్దనీ, నడకలో మధ్యస్థంగా ఉండమనీ, గొంతు తగ్గించుకోమనీ ఆ తండ్రి చెబుతాడు. గొంతులన్నిటిలో వినలేనిది గాడిద గొంతని కూడా అక్కడే ఉంది. రెడ్ సిగ్నల్ దగ్గర వెనక నుంచి ఆపకుండా హారన్ కొట్టేవాడి శబ్దం వింటే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఇదంతా ఒక తండ్రి కొడుక్కి చెప్పిన మాటల్లో ఉందని గమనించండి. నడక గురించి చెప్పడం ఇంటి పెద్దల పని.

ఇప్పుడు తాళంచెవి సంగతికి వస్తాను. మా పెద్దాడికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. వాడి క్లాసులో సగంమంది బండి మీద కాలేజీకి వస్తారు. మొన్న రంజాన్‌లో ఒక సాయంత్రం పుచ్చకాయ తేవడం మర్చిపోయాం. "అమ్మీ, అబ్బా బండి మీద అయిదు నిమిషాల్లో తెచ్చేస్తా" అన్నాడు. మా అత్తమ్మ వాడి వైపే. "ఎంత దూరమని? సందు చివరే కదా, పంపమ్మా" అంది. నేను ఇవ్వనన్నాను. లైసెన్సు వచ్చే దాకా ఈ ఇంట్లో బండి తాళం నీకు లేదు, కావాలంటే నడిచి వెళ్లమన్నాను. వాడికి కోపం వచ్చింది.

"ప్రవక్త గారి కాలంలో బైకులున్నాయా, లైసెన్సులున్నాయా? దీనికీ దీన్‌కీ సంబంధమేంటి?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. చేతిలో బాణాలు పట్టుకుని మసీదులోకో బజారులోకో వచ్చేవాడు ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలు చేత్తో పట్టుకుని నడవాలని హదీసు ఉంది కదా, అది గుర్తుచేశాను. నీ చేతిలో ఉన్నదానివల్ల పక్కవాడికి దెబ్బ తగలకుండా చూసుకునే పూచీ నీదేనని దాని అర్థం. అప్పుడు బాణం, ఇప్పుడు బండి. మొన పట్టుకోవడం వచ్చిందో లేదో పరీక్షపెట్టి ఇచ్చే కాగితమే లైసెన్సు.

మా అత్తమ్మ ఊరుకోలేదు. "అల్లాహ్ మీద భారం వేయాలి గానీ మరీ ఇంత భయమైతే ఎలా" అంది. పెద్దావిడకి ఎదురు చెప్పినట్టు కాకుండా, ఒంటెని కట్టేసి భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ప్రవక్త (స)ని అడిగిన మనిషి సంగతి గుర్తుచేశాను. ముందు కట్టెయ్, ఆ తర్వాత భారం వెయ్ అన్నది ఆయన జవాబు. అత్తమ్మ నవ్వేసి, "నీతో మాట్లాడలేనమ్మా" అంది. ఆ రోజు పుచ్చకాయ లేకుండానే ఇఫ్తార్ చేశాం. ఎవరికీ ఏం తక్కువ కాలేదు.

నేనింత పట్టుబట్టడానికి కారణముంది. మా బజారు చివర తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే ఆయన ఒకాయన ఉండేవాడు. రెండేళ్ల కిందట, పదో తరగతి చదివే కుర్రాడు స్కూటీ మీద వచ్చి గుద్దాడు. ఆయన తొడ ఎముక విరిగింది, ఆపరేషన్లు అయ్యాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు గానీ బండి తోయలేడు. వాళ్లావిడ ఇంటి ముందు గట్టు మీద ఆకుకూరలు పెట్టుకుని అమ్ముతోంది. కుర్రాడి తల్లిదండ్రులు మంచివాళ్లు. ఆస్పత్రి ఖర్చంతా పెట్టుకున్నారు. నేను రెండిళ్లకీ వెళ్లాను. కుర్రాడి తల్లి నా చెయ్యి పట్టుకుని, "పాల ప్యాకెట్టు కోసం తాళం ఇచ్చింది నేనేనమ్మా" అని ఏడ్చింది. ఆ పిల్లాడు ఇప్పటికీ ఎవరి మొహమూ సరిగ్గా చూసి మాట్లాడడు.

ఇక్కడే అసలు విషయం ఉంది. అల్లాహ్‌కి మనం బాకీపడ్డ హక్కులు వేరు, ఆయన దాసులకి మనం బాకీపడ్డ హక్కులు వేరు. మొదటివాటిలో లోటు జరిగితే పశ్చాత్తాపపడి అడిగితే ఆయన క్షమిస్తాడని నమ్మకం. రెండోవాటిలో నష్టపోయిన మనిషి క్షమించాలి. తొడ ఎముక విరిగిన ఆ పెద్దాయన క్షమించాలి. ప్రళయ దినాన నమాజులు, రోజాలు, జకాత్ మూటగట్టుకుని వచ్చే ఒక మనిషి గురించి ప్రవక్త (స) చెప్పారు. అతను ఒకణ్ణి తిట్టి ఉంటాడు, ఒకణ్ణి కొట్టి ఉంటాడు, ఒకడి సొమ్ము తిని ఉంటాడు. అతని పుణ్యాలన్నీ వాళ్లకి పంచేస్తారు. అవి చాలకపోతే వాళ్ల పాపాలు తెచ్చి ఇతని మీద వేస్తారు. అసలైన దివాలా మనిషి అతనేనట. బండి మీద వెళ్తూ మనం ఎవరెవరికి ఎంత బాకీపడుతున్నామో మనకే తెలియదు. గుద్ది వెళ్లిపోయినవాడికి తను క్షమాపణ అడగాల్సిన మనిషి పేరు కూడా తెలియదు. ఇక ఎక్కడని వెతుకుతాడు?

"కావాలని చేస్తామా? పొరపాటున జరుగుతాయి" అంటారు. పొరపాటున ప్రాణం పోయినా దానికి బాధ్యత ఉందని ఖురాన్ నాలుగో సూరాలో స్పష్టంగా ఉంది. చనిపోయినవాడి కుటుంబానికి పరిహారం ఇవ్వాలి, వాళ్లు మాఫీ చేస్తే తప్ప. దానితోపాటు ఒక బానిసకి విముక్తి కలిగించాలి, అది వీలుకానివాడు వరసగా రెండు నెలలు ఉపవాసాలుండాలి. అజాగ్రత్తగా నడిపి ఒకరి ప్రాణం తీసినవాడికి కూడా ఇదే వర్తిస్తుందని పండితులు చెబుతారు.

ఇంకా సూటిగా కావాలంటే, అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1993 జూన్‌లో బ్రూనైలో జరిగిన ఎనిమిదో సమావేశంలో రోడ్డు ప్రమాదాల మీదే ఒక తీర్మానం చేసింది. షరీఅత్‌కి విరుద్ధం కాని ట్రాఫిక్ నిబంధనల్ని పాటించడం షరీఅత్ ప్రకారమే తప్పనిసరి అని అందులో చెప్పారు. తన చేతిలో లేని కారణాలవల్ల జరిగితే తప్ప, బండి వల్ల ఇతరులకి కలిగే నష్టానికి నడిపేవాడిదే బాధ్యత అన్నారు. అంటే రెడ్ సిగ్నల్ దాటేసి, కెమెరా లేదులే అనుకుంటే కుదరదు. కెమెరా ప్రభుత్వానికి కావాలి గానీ అల్లాహ్‌కి అక్కర్లేదు. పైగా లైసెన్సు తీసుకుంటున్నామంటే నియమాలు పాటిస్తామని ఒప్పుకుంటున్నట్టే. ఒప్పందాలు నెరవేర్చమని ఖురాన్ విశ్వాసులకి చెప్పనే చెప్పింది.

మన దేశం చట్టం కూడా తల్లిదండ్రుల్ని వదిలిపెట్టలేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని పెట్టారు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చే దాకా లైసెన్సు రాదు. "గేర్లు లేని స్కూటీయే కదా, పదహారేళ్లకి నడపొచ్చు" అనేవాళ్లుంటారు. చట్టం పదహారేళ్లకి ఒప్పుకున్నది 50 సీసీ దాటని గేర్లు లేని బండికి. మన ఇళ్లలో ఉన్న పెట్రోలు స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీ పైనే.

ఇంత చెప్పినా మా ఆయన స్నేహితులు ఒకటే వాదిస్తారు. రోడ్డు నిండా గుంతలు, సగం సిగ్నళ్లు పనిచేయవు, పోలీసులు చలానాల కోసం మూల మీద నిలబడతారు, మాకు మాత్రమే నియమాలా అని. గుంతల సంగతి నిజమే. ప్రభుత్వం పూచీ కూడా మన సంప్రదాయంలో ఉంది. ఇరాక్‌లో ఒక కంచరగాడిద కాలు జారిపడినా, దానికి దారి ఎందుకు చదును చేయలేదని అల్లాహ్ తనని అడుగుతాడేమోనని ఖలీఫా ఉమర్ (రజి) భయపడేవారని చెబుతారు. మన పాలకులకి ఆ భయం రావాలని నేనూ కోరుకుంటాను. గుంత కనిపిస్తే ఫిర్యాదు చేద్దాం, ఓటు అడగడానికి వచ్చినప్పుడు నిలదీద్దాం. కానీ గుంత ఉన్న రోడ్డు మీద ఇంకా నెమ్మదిగా వెళ్లాలి గానీ, గుంత ఉంది కాబట్టి రాంగ్ రూటులో వెళ్తాననడం ఏం న్యాయం? ఒకరికి హాని చేయకూడదు, హానికి బదులుగా హాని చేయకూడదన్నది ప్రవక్త (స) చెప్పిన సూత్రం. పాలకుడి తప్పుకి శిక్ష పక్కన నడిచే మనిషికి వేస్తామా?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. గంటకి 19 మంది. అందులో 50,029 మంది హెల్మెట్ లేకుండా బండి మీద ఉన్నవాళ్లు. యాభై వేల ఇళ్లు! మిమ్మల్ని మీరే నాశనంలోకి నెట్టుకోవద్దని ఖురాన్ చెబుతుంటే, "తలకి టోపీ ఉంది కదా, హెల్మెట్ ఎలా పెట్టుకోను" అనడం నేను చెవులారా విన్నాను. చట్టం మినహాయించింది తలపాగా కట్టుకున్న సిక్కుల్ని మాత్రమే. టోపీ మడిచి జేబులో పెట్టుకోవచ్చు. మసీదు మెట్ల దగ్గర తీసి పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక మన ఆడవాళ్ల చేతిలో ఉన్నవి చెబుతాను. మా ఇంట్లో మేం పాటిస్తున్నవే. బయల్దేరాల్సిన వేళకి పావుగంట ముందే తయారవుతాం. ఆలస్యం చేసి ఆ తర్వాత నడిపేవాణ్ణి తొందరపెట్టం. బండి మీద ఉన్న మనిషికి ఫోన్ చేయను. తప్పనిసరైతే ఒక్క మెసేజ్ పెడతాను, ఆగినప్పుడు చూసుకుంటారు. "త్వరగా రా" అనే మాట మానేసి "నిదానంగా రా" అంటున్నాను. ఒక బండి మీద నలుగురం ఎక్కం. పెళ్లికైనా సరే, ఇద్దరు బండి మీద, మిగిలినవాళ్లం ఆటోలో. చిన్నదానికి కూడా హెల్మెట్ కొన్నాం. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అది తప్పనిసరి. అంతకన్నా చిన్నపిల్లలుంటే వాళ్లకీ సరిపడే హెల్మెట్, నడిపేవాళ్లకి కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు.

బుర్ఖా, చున్నీ, చీర కొంగు విషయం మగవాళ్లు పట్టించుకోరు. వెనక కూర్చునేది మనం, చక్రంలో చిక్కుకునేది మన బట్ట. వెనక చక్రానికి కనీసం సగం వరకు కప్పే గార్డు, పట్టుకోవడానికి పిడి ఉండాలని కేంద్ర నిబంధనల్లోనే ఉంది. అందం కోసం గార్డు పీకేసిన బండి ఎక్కనని మొహమాటం లేకుండా చెప్పండి. బుర్ఖా అంచు మడిచి కాళ్ల కింద అదుముకుని, చున్నీ నడుముకి చుట్టుకుని కూర్చోండి.

రోడ్డు మీద ఎవరైనా పడిపోయి కనిపిస్తే వీడియో తీయకుండా 108కి ఫోన్ చేయమని పిల్లలకి చెప్పండి. సాయం చేసినవాళ్లని పోలీసులూ ఆస్పత్రివాళ్లూ వేధించకుండా 2019 సవరణలోనే రక్షణ పెట్టారు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఒక్క ప్రాణం నిలబెట్టినవాడు మానవజాతి మొత్తాన్ని నిలబెట్టినట్టేనని ఖురాన్‌లో ఉన్న మాట మా పిల్లలు నోటికి చెబుతారు. అది పనికొచ్చే చోటు రోడ్డేనని కూడా వాళ్లకి తెలియాలి.

ఇమాం సాబులకీ మదర్సాల్లో చదువు చెప్పేవాళ్లకీ నాదొక విన్నపం. ఏడాదిలో కనీసం నాలుగు ఖుత్బాలు దారి హక్కు మీద చెప్పండి. ప్రతి శుక్రవారం బండ్లు వరసగా పెట్టించడానికి ఇద్దరు కుర్రాళ్లకి ఆ పని అప్పగించండి. వాళ్లు చేసేది కూడా ఇబాదతేనని అందరి ముందూ చెప్పండి.

ఇది చదివేవాళ్లలో ముస్లిమేతరులే ఎక్కువని నాకు తెలుసు. నేను మా ఇంటి పుస్తకంలో ఉన్నది చెప్పాను. మీ పెద్దలు చెప్పిన వాటిలోనూ ఇలాంటివి ఉండకుండా ఉండవు. వెతికి మీ పిల్లలకి చెప్పండి. రోడ్డు మీద ఎదురుపడ్డప్పుడు ఎవరిది ఏ మతమో హెల్మెట్ లోపల కనిపించదు కదా.

మా వాళ్లతో చివరిగా ఒక మాట. బండి ఎక్కేటప్పుడు మనం చదివే దువా ఉంది. ఈ వాహనాన్ని మాకు లొంగదీసినవాడు పరిశుద్ధుడు, మా అంతట మేం దీన్ని లొంగదీసుకోగలిగేవాళ్లం కాదు అని మొదలై, మేమంతా మా ప్రభువు దగ్గరికే తిరిగి వెళ్లేవాళ్లమని ముగుస్తుంది. పిల్లలకి అరబ్బీలో కంఠతా పట్టించి వదిలేయకండి, అర్థం కూడా చెప్పండి. బండి మన గొప్పతనం వల్ల మన మాట వినడం లేదని మొదటి సగం చెబుతుంది. దాన్ని ఎలా నడిపామో ఒకరికి లెక్క చెప్పుకోవాలని రెండో సగం చెబుతుంది. ఆ రెండూ మనసుకెక్కిన పిల్లాడు సిగ్నల్ దగ్గర పోలీసు ఉన్నాడా లేడా అని చూడడు. పద్దెనిమిది నిండాక, లైసెన్సు చేతికొచ్చాక, మా వాడికి నేను తాళంచెవితోపాటు ఇవ్వాలనుకుంటున్నది ఇదే.